తిత్తి ఊదే గొల్లవాడిని కొనే ముందు

చిరంజీవి అమ్మడిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

లండన్ వేలంపాటలో పద్దెనిమిదో శతాబ్దపు పింగాణీ బొమ్మను, అదీ తిత్తి ఊదే గొల్లవాడిని, కొనబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా పిచ్చి నీకూ అంటుకున్నందుకు పొంగిపోయాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అడుగున బంగారు లంగరు గుర్తు కనిపించగానే అది ఆనాటి ఇంగ్లీషు పింగాణీ కార్ఖానా చెల్సీలో చేసిన బొమ్మ అనుకోవద్దు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో సాంసన్ అనే తయారీదారు చేయించిన నకళ్ల మీద కూడా ఆ గుర్తు ఉంటుంది. మరో కార్ఖానా డెర్బీ బొమ్మ అయితే, బట్టీలో మట్టి ముద్దల మీద నిలబెట్టిన మచ్చలు అడుగున మూడో నాలుగో ఉంటాయి. ఇవన్నీ నువ్వు చదివే ఉంటావు.

నా భయమంతా చేతివేళ్ల గురించే. ఆనాటి ఇంగ్లీషు మెత్తరకం పింగాణీ బట్టీ వేడికి వాలిపోయేది కనుక బొమ్మ వెనుక చెట్టు మోడునో పూలపొదనో ఆసరాగా పెట్టేవారు. అవి మందంగా ఉండి నిలుస్తాయి, బయటికి చాచిన చేతులూ వాయిద్యాలూ ముందుగా విరుగుతాయి. ఈ ఊరు వచ్చిన కొత్తలో, బో అనే ఇంగ్లీషు కార్ఖానాలో చేసిన, పిల్లనగ్రోవి ఊదే కుర్రవాడి బొమ్మను, ఎక్కడా దెబ్బ లేదన్న దుకాణదారు మాట నమ్మి, నెల జీతంలో సగం పోసి కొన్నాను. పూరేకుల మధ్య పేరుకున్న మురికి పోతుందని గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టాను. పది నిమిషాలకు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ముందు పిల్లనగ్రోవి ఊడింది, తరువాత మణికట్టు దగ్గర కుడిచేయి మొత్తం వచ్చేసింది. అది పింగాణీ కాదు, ప్లాస్టరు, నా వేళ్ల మధ్యే మెత్తబడిపోయింది. చొక్కా చేతి అంచున రంగు పూత కింద పాత జిగురు గోధుమరంగులో కనిపించింది. మీ అత్తయ్య ఒక్క మాట అనకుండా ఆ నీళ్లను టీ వడకట్టే జల్లెడలో వంచి, కరగకుండా మిగిలిన రెండు వేలి ముక్కలను అగ్గిపెట్టెలో దాచింది. ఆ అగ్గిపెట్టె ఇప్పటికీ ఉంది.

అందువల్ల, తిత్తి గొట్టాలన్నీ చెక్కుచెదరకుండా ఉంటే మురిసిపోకుండా అనుమానించు. మరమ్మతులేమిటో కాగితం మీద రాసిమ్మని అడుగు. అడగడానికి మొహమాటపడ్డావో, నా దగ్గర చీవాట్లు తప్పవు! నీ చేతులు అమ్మమ్మవి, నిదానమైనవి, కళ్లు మాత్రం నావి, అందం కనబడితే ఆగవు. మరమ్మతు మీద వేసిన పైపూతను చీకట్లో వేరే రంగులో మెరిపించే అతినీలలోహిత టార్చి నా దగ్గర ఉంది, వేలానికి ముందు బొమ్మను చూడనిచ్చే రోజుకు ముందే వచ్చి తీసుకువెళ్లు. కొన్న తరువాత మెత్తని పొడి బ్రష్షుతోనే దులుపు, నీళ్లు మాత్రం తగలనివ్వకు.

ఇట్లు,
మామయ్య