ప్రశ్నావళి అచ్చు వేయించే ముందు

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీ పరిశోధన సినాప్సిస్ (ముందస్తు ప్రణాళిక) రెండుసార్లు చదివాను. రొయ్యల చెరువుల వల్ల పక్క వరిచేలకు కలుగుతున్న నష్టం అన్న అంశం మంచిది, మన కోనసీమలో ఎవరో ఒకరు చేసి తీరాల్సిన పని. ప్రశ్నావళిలో 42 ప్రశ్నలు పెట్టావు. పరిశోధనా పద్ధతి అధ్యాయం మాత్రం అరపేజీ: ‘మిశ్రమ పద్ధతి అనుసరించడమైనది’ అని, అంటే కొలతలూ మనుషుల మాటలూ రెండూ వాడతానని. అమ్మా, ఆ అరపేజీ దగ్గరే పని మొదలుపెట్టాలి. ఏది ఉందని అనుకుంటున్నావు, అది ఉందని నీకెలా తెలుస్తుంది, ఈ రెండూ తేల్చుకోకుండా ఊళ్లోకి వెళ్తే తెచ్చుకున్న కాగితాలకు తర్వాత అర్థం చెప్పలేవు. మొదటిదాన్ని సత్తా మీమాంస అనీ రెండోదాన్ని జ్ఞాన మీమాంస అనీ అంటారు. పేర్లు చూసి బెదిరిపోకు.

‘నష్టం’ అన్న మాటే తీసుకో. అందులో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మట్టిలో ఉప్పు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా అది అక్కడ ఉంటుంది. రెండోది తగ్గిన దిగుబడి. బస్తాల్లో లెక్కకొస్తుంది గానీ వంగడం, కాలువ నీరు, ఆ ఏటి తుపాను అన్నీ అందులో కలిసే ఉంటాయి. మూడోది ‘చేను పోయిందమ్మా’ అన్నప్పుడు రైతు మనసులో ఉన్నది. అది ఉప్పు కావచ్చు, బోరు నీళ్లు ఉప్పబడటం కావచ్చు, తనతో మాటైనా చెప్పకుండా పక్కాయన చెరువు తవ్వించాడన్న బాధ కావచ్చు. 2011 సార్వాకి (ఖరీఫ్ పంటకి) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు కదా. ఆ ఖాళీ చేనుకీ నీరందక బీడు పడ్డ చేనుకీ ఫొటోలో తేడా కనబడదు. తేడా అంతా నాట్లు వేయకూడదన్న రైతు నిర్ణయంలో ఉంది. మనిషి చేసే పనికి అతను ఇచ్చుకున్న అర్థం కూడా పట్టుకోవాలని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వేబర్ పట్టుబట్టింది ఇలాంటి చోటే.

అందుకని ఒక పెద్ద కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయి. మొదటి గడిలో నీ శీర్షికలోనూ లక్ష్యాల్లోనూ ఉన్న ముఖ్యమైన మాట రాయి. రెండో గడిలో అది ఎలాంటి సంగతో, మూడో గడిలో ఏ దారిన తెలుస్తుందో, నాలుగో గడిలో ఏం కనబడితే నేను పొరపాటు పడ్డానని ఒప్పుకుంటానో రాయి. నాలుగో గడి నిండని మాటని ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ఉప్పు కొలవడం తేలికని అనుకోకు. ఒకే మట్టిని ఒక పాలు మట్టికి రెండు పాళ్ల నీళ్లు కలిపి ఈసీ (విద్యుత్ వాహకత, ఉప్పు ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది) చూస్తే ఒక అంకె, పీల్చుకోగలిగినంత నీటితోనే తడిపి సంతృప్త ముద్ద చేసి పిండిన నీటిలో చూస్తే అంతకంటే పెద్ద అంకె వస్తాయి. ఈసీ మీటరుకి 4 డెసిసీమెన్స్ దాటితే చౌడు నేల, 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది అని పుస్తకాల్లో ఉన్నవి రెండో పద్ధతి అంకెలు. మొదటి పద్ధతిలో కొలిచి వాటితో పోలిస్తే ఉన్న చౌడు లేనట్టు తేలుతుంది. పైగా సార్వాలో చేలో నీరు నిలిచి ఉప్పు కిందికి దిగుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక అదే ఉప్పు మళ్లీ పైకి ఎగబాకుతుంది. కాబట్టి తేదీ, లోతు, పద్ధతి మూడూ రాయని ఈసీ అంకెకి విలువ లేదు. 0 నుంచి 15 సెంటీమీటర్ల లోతు మట్టే ప్రతిచోటా తియ్యి. ఈసీ కొలిచే మీటరుని 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో పెడితే 25 డిగ్రీల దగ్గర 1.41 డెసిసీమెన్స్ చూపాలి. రోజూ ముందు అది చూసుకుని నోటుబుక్కులో రాసుకో. ఎందుకో తర్వాత చెప్తాను.

అన్నిటికంటే నాకు దిగులు నీ అనుమాన ప్రమాణం మీద, అంటే కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని ఊహించే తీరు మీద. చెరువు పక్క చేలో ఉప్పు ఉంది, కాబట్టి చెరువు వల్లే ఉప్పు అంటున్నావు. మన నైయాయికులు (న్యాయ దర్శనం తర్కవేత్తలు) దీన్ని నిప్పు, పొగ ఉదాహరణతో శోధించారు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, నిజమే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె కావాలి. ఆ పచ్చికట్టెని ఉపాధి అన్నారు. సాధ్యం (రుజువు చేయాల్సినది, ఇక్కడ పొగ) ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది, హేతువు (ఆధారంగా చూపేది, ఇక్కడ నిప్పు) ఉన్న ప్రతిచోటా ఉండదు.

నీ విషయంలో పచ్చికట్టె ఏది? కాలువ శివారు. కాట్రేనికోన, ఉప్పలగుప్తం వైపు సముద్రానికి దగ్గరగా, కాలువ నీరు ఆఖరున అందే పల్లపు చేలున్నాయి. వరి సరిగా పండని చోటే చెరువు తవ్వుకునే రైతు ఎక్కువ. అంటే ఉప్పూ చెరువూ రెండూ శివారు వల్లే వచ్చి ఉండొచ్చు. నువ్వు ఎంచుకున్న ఆరు ఊళ్లూ శివారువే కాబట్టి వందల మట్టి నమూనాలు తీసినా ఈ ముడి విడదు. ఆత్రేయపురం లాంటి ఎగువ మండలాల్లో చెరువు పక్క చేలు వెతుకు. శివారులోనే చెరువుకి దూరంగా ఉన్న చేలు కూడా చూడు. ఎగువ, శివారు, చెరువు దగ్గర, దూరం: నాలుగు రకాల చేలూ ఉంటేనే అన్వయ వ్యతిరేకాలు, అంటే చెరువు ఉన్నచోట ఉప్పు ఉందా, లేనిచోట లేదా అన్నది చెప్పగలవు. ప్రతి చెరువు దగ్గరా గట్టు నుంచి 25, 50, 100, 200 మీటర్ల దూరంలో మట్టి తియ్యి. మధ్యలో మురుగు బోదె ఉందో లేదో తప్పక రాసుకో. ఊట ఆ బోదెలోకి దిగిపోతుంది.

నీ పరికల్పన (పరీక్షకు పెట్టే ఊహ) ‘చెరువుల ప్రభావం ఉంటుంది’ అని ఉంది. ఏం కనబడినా అది తప్పని తేలదు. తప్పయ్యే అవకాశం లేని మాట శాస్త్రం కాదని తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లోనే వాదించాడు. ఇలా రాయి: గట్టుకి 50 మీటర్ల లోపు ఈసీ, 200 మీటర్ల దగ్గర కంటే ఎక్కువ ఉంటుంది, మధ్యలో బోదె ఉన్నచోట ఆ తేడా తగ్గుతుంది, ఎగువ ఊళ్లలో కూడా ఇదే వరస ఉంటుంది. తేడా రాకపోతే మీటరు మీద నెపం పెట్టాలనిపిస్తుంది. పొటాషియం క్లోరైడ్ అంకెలు రోజూ రాయమన్నది ఆ దారి ముందే మూసేయడానికి.

ఇక శబ్ద ప్రమాణం, అంటే ఒకరి మాటని ఆధారంగా తీసుకోవడం. విషయం తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. చేను, చెరువు ఒకే ఆసామివి అయినప్పుడు ఆయన ఎదురుగా కౌలు రైతు నీకు ఆప్తుడు కాలేడు. ఒంటరిగా, చేలోనే అడుగు. ‘చెరువు వల్ల మీకెంత నష్టం వచ్చింది?’ అన్న నీ 9వ ప్రశ్నలో జవాబు ముందే ఉంది. ‘గడిచిన మూడు దాళ్వా (రబీ) పంటల్లో ఈ చేలో ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయి?’ అను. 75 కిలోల బస్తానా, పచ్చి ధాన్యమా ఎండుదా, కౌలు కొలిచాక మిగిలినదా మొత్తమా అన్నది అక్కడే తేల్చుకో. లేకపోతే ఒకాయన 30కీ ఇంకొకాయన 30కీ పోలిక ఉండదు. ఐదు మెట్ల ‘అంగీకరిస్తాను’ ప్రశ్నలు 18 ఉన్నాయి, సగం తీసెయ్యి. అవి వరస చెప్తాయి గానీ మెట్టుకీ మెట్టుకీ దూరం చెప్పవు. పైగా మన వైపు పెద్దమనిషి ‘ఆయ్’ అన్నంతమాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, విన్నాడని అర్థం.

రికార్డుల్లో కౌలుదారు పేరు లేదు కాబట్టి ఆ చేలకి కౌలుదారు లేడని రాశావు. అనుపలబ్ధిని (కనబడకపోవడాన్ని) ప్రమాణంగా ఒప్పుకున్న భాట్ట మీమాంసకులు (కుమారిల భట్టు అనుయాయులు) కూడా, ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడకపోతేనే లేనట్టు అన్నారు. నోటిమాట కౌలు రికార్డుకి ఎక్కదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే సాగు హక్కు పత్రానికి కూడా యజమాని అంగీకారం కావాలి. ఆ వాక్యం కొట్టెయ్యి.

మీటరు చౌడు లేదంటుంది, రైతు ఉందంటాడు. అలాంటి చేలు నీకు తప్పక తగులుతాయి. రెండూ కలిపి సగటు తియ్యకు, ఒకదాన్ని తోసెయ్యకు. మళ్లీ వెళ్లి ఏ నెలలో, పైరు ఏ దశలో అని అడుగు. నారు దశలోనూ పూత దశలోనూ వరి ఉప్పుకి ఎక్కువ లొంగిపోతుంది, నువ్వు కోతలయ్యాక కొలిచి ఉంటావు. మిశ్రమ పద్ధతి అంటే ఈ తిరుగుడే.

అచ్చు వేయించే ముందు ఒక్క ఊళ్లో ఐదుగురి దగ్గర ప్రశ్నావళి చదివి, ప్రతి ప్రశ్ననీ వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమను. వచ్చే ఆదివారంలోగా ఎగువ, శివారు ఊళ్లు వేరువేరు రంగుల్లో గుర్తుపెట్టిన పటం, నాలుగు గళ్ల కాగితం పంపు. కాలువలు కట్టేసేలోగా ఊళ్లు ఖాయం చేద్దాం.

మావయ్య