తలుపు ఎలా ‘అంటుంది’?

సందేహం: చలికాలంలో మా పాత ఇంటికి చేసుకున్న చిన్నాచితకా మరమ్మతుల మీద ఒక వ్యాసం రాశాను. ‘తలుపు కిర్రుమంటోంది’, ‘రాత్రంతా కుళాయి చుక్కలు టప్పున పడుతున్నాయి’, ‘బకెట్టు తకిట తకిట అంటోంది’ అన్నాను. ప్రాణం లేనివి ఎలా అంటాయని మిత్రుడొకరు మూడూ కొట్టేశారు. ‘శబ్దం చేస్తోంది’ అనాలట. నిజమేనా?

సమాధానం: కాదు. మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ రాసుకోండి. ‘అను’ క్రియ నోరున్నవాళ్లకే రాసిచ్చిన ఆస్తి కాదు. ధ్వన్యనుకరణ పదం పక్కన చేరితే దానికి మాట్లాడడమనే అర్థం ఉండదు, ఆ ధ్వని పుట్టిందని మాత్రమే చెబుతుంది. గజ్జె ఘల్లుమంటుంది, తంబురా ఝుమ్మంటుంది. తమిళులు ‘టక్కెన్రు’ అనడంలోనూ ఉన్నది ఈ ‘అను’ లాంటిదే. అసలు శబ్దమే లేనిచోటా ఇది వాడతాం: తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుంటే ఒళ్లు జివ్వుమంటుంది.

‘శబ్దం చేస్తోంది’ అంటే ఏ శబ్దమో ఎవరికి తెలుస్తుంది? గొళ్లెం చప్పుడూ కావచ్చు. కిర్రు అనగానే మడతబందులో ఇనుము ఇనుమును పట్టి, జారి, మళ్లీ పట్టి జారుతోందని చెవికి అందుతుంది. ఫిడేలు తీగ మీద కమాను చేసేదీ అచ్చంగా ఇదే. విద్వాంసుడు పట్టు కోసం కమానుకు రోజిన్ అనే చెట్టుబంక ముద్ద రుద్దుతాడు, మనం పట్టు పోవాలని బందుకు నూనె వేస్తాం. (చలికాలంలో కొబ్బరినూనె మాత్రం వద్దు, సుమారు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది.)

రెండో వాక్యాన్ని దిద్దాలి, కానీ మీ మిత్రుడు చెప్పిన కారణానికి కాదు. ‘టప్పున’ ఒక్క చుక్కకు సరిపోతుంది. రాత్రంతా పడేవి ‘టపటప’ పడతాయి. చటుక్కున ఒక్కసారి జరిగేదానికి ద్విత్వం, చివర ‘న’. ఆగకుండా సాగేదానికి ద్విత్వం పోయి మాట రెట్టిస్తుంది. భోగిమంట భగ్గున అంటుకుని భగభగ మండుతుంది. తల ఒక్కసారి గిర్రున తిరుగుతుంది, బొంగరం గిరగిర తిరుగుతుంది. సర్రున, సరసర, టక్కున, టకటక కూడా అంతే. అన్నీ దీనికి లొంగవు. కిర్రు రెట్టిస్తే కిర్రుకిర్రే, చెప్పులవైనా తలుపుదైనా. చలికి గజగజ వణుకుతాం గాని ‘గజ్జున’ వణికినవాళ్లు లేరు.

ఇక బకెట్టు. ‘తకిట’ వట్టి చప్పుడు కాదు, మృదంగం జతి. జతికి ‘అను’ కన్నా ‘పలుకు’ బాగా అతుకుతుంది. వీణ పలుకుతోందంటే ఎవరూ ఆక్షేపించరు, వీణకు మాత్రం నోరుందా? ‘బకెట్టు తకిట పలుకుతోంది’ అని మార్చండి. అయితే తకిట మూడక్షరాల తిశ్రం. చుక్కలు నిజంగా మూడేసి పడుతున్నాయో లేదో ఒకసారి వినండి. నాలుగేసి పడుతుంటే తకధిమి అని రాయాలి, లేకపోతే మృదంగం నేర్చిన పాఠకులు ఊరుకోరు.