చెప్పుల్లేని వాళ్ళకు ప్రవేశం లేదు

ప్రశ్న: 1970ల్లో అమెరికాలో హిప్పీలు గుంపులు గుంపులుగా క్రైస్తవులయ్యారని, దాన్ని జీసస్ పీపుల్ ఉద్యమం అంటారని విన్నాను. అది నిజమైన ఉజ్జీవమా (అంటే, భక్తి మళ్ళీ రగలడమా), లేక అప్పటి కుర్రకారు ఫ్యాషనా?

సరైన మనిషినే అడిగారు. నేను పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో, లూథరన్ ఇంట్లో. పద్నాలుగేళ్ళుగా ఉంటున్నది కాలిఫోర్నియాలో, అర్వైన్‌లో. మీరడిగే కథ సగం జరిగిన కోస్టా మేసా మా ఇంటికి కారులో పావుగంట. అదీ ట్రాఫిక్ లేకపోతే. ట్రాఫిక్ లేని రోజు ఎప్పుడొస్తుందో నాకింకా తెలియలేదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఫ్యాషనూ అవును, ఉజ్జీవమూ అవును. అయితే ఈ కథ చెప్పే ప్రతివాడూ హిప్పీలు మారారు, హిప్పీలు మారారు అంటాడు. కుర్రాళ్ళదేముందండీ, పొద్దున ఒకలా ఉంటారు, సాయంత్రం ఒకలా ఉంటారు. టై కట్టుకుని ముందు వరస బల్లల మీద కూర్చునే పెద్దమనుషులు మారారు చూడండి, అదీ వింత.

1967 వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేటలోకి దేశం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చిపడ్డారు. ప్రేమ, శాంతి అంటూ వచ్చినవాళ్ళలో చాలామందికి ఏడాది తిరిగేసరికి మత్తుమందులు, ఆకలి, రోగాలు మిగిలాయి. ఆ దగ్గర్లోనే టెడ్ వైజ్ అనే పడవ తెరచాపలు కుట్టే ఆయన, ఆయన భార్య, ఇంకొన్ని జంటలు కలిసి లివింగ్ రూమ్ అని కాఫీ కొట్టు లాంటిది తెరిచి, వచ్చినవాళ్ళకు తిండి పెట్టి యేసు గురించి మాట్లాడేవారు. వాళ్ళూ ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు మింగి తేలినవాళ్ళే. అక్కడికి చేరినవాడే లానీ ఫ్రిస్బీ. 1949లో పుట్టాడు, అంటే ఇంకా ఇరవై రాలేదు. పొడుగు జుట్టు, గడ్డం. మా సండే స్కూల్ గోడమీది క్యాలెండర్లో యేసు దిగి నడిచొచ్చినట్టు ఉంటాడు ఫొటోల్లో.

ఇటు కోస్టా మేసాలో చక్ స్మిత్ అనే పాస్టరు. 1965లో పాతికమంది ఉన్న కాల్వరీ చాపెల్‌కు వచ్చాడు. నలభై పైబడినవాడు, బట్టతల, పద్ధతిగా ఉండే మనిషి. బీచిలో హిప్పీలు కనిపిస్తే ఆయనకు ఒళ్ళుమంట. స్నానం చేసి ఏదన్నా ఉద్యోగం చూసుకోవచ్చుగా అనుకునేవాడినని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆయన భార్య కే మాత్రం ఆ పిల్లల కోసం ప్రార్థించేది. ఏ సంఘంలో చూసినా ఇంతేనండీ, పేరు అయ్యగారికి వస్తుంది, మోకాళ్ళు అమ్మగారివి అరుగుతాయి. 1968లో వాళ్ళమ్మాయి స్నేహితుడు ఈ లానీని ఇంటికి తీసుకొచ్చాడు. ఇక అక్కణ్ణుంచి జనమే జనం. గుడి చాలక 1971లో గుడారం వేశారు. అదే ఏడాది జూన్‌లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికే ఎక్కారు. మరుసటేడు డల్లాస్‌లో ఎక్స్‌ప్లో '72 అని పెట్టిన సభకు ఎనభై వేల మంది దాకా వచ్చారు. ఆ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం.

నాకు ఇష్టమైన సంగతి తివాచీది. కాల్వరీ చాపెల్లో కొత్తగా తివాచీ పరిచారు. బీచి నుంచి తిన్నగా వచ్చే పిల్లల అరికాళ్ళ మరకలు దాని మీద పడుతున్నాయి. ఒక ఆదివారం పాస్టరు వచ్చేసరికి గుమ్మం దగ్గర బోర్డు ఉంది, చెప్పుల్లేని వాళ్ళకు ప్రవేశం లేదని. సంఘంలో ఎవరో పెద్దల పని. స్మిత్ దాన్ని పీకేశాడు. ఒక్క పిల్లాణ్ణి తివాచీ కోసం బయట నిలబెట్టాల్సి వస్తే తివాచీనే పీకేద్దాం, ఉత్త గచ్చు మీద కూర్చుందాం అన్నాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. మా ఊళ్ళో చెప్పులతో గుడి మెట్లెక్కితే మా అమ్మ వీపు చిట్లగొట్టేది. హైదరాబాదు గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను అనే ప్రార్థన మందిరానికి వెళ్ళినవాళ్ళను అడగండి, చెప్పులు బయట, జనం కింద చాపల మీద. ఆ హిప్పీ పిల్లలు తెనాలి వచ్చి ఉంటే కాళ్ళ విషయంలో మాత్రం మర్యాదస్తులు అనిపించుకునేవారు.

జుట్టు విషయంలో, గిటారు విషయంలో మాత్రం కాదు. ఇక్కడ నా సొంత గోడు వినాలి మీరు.

1996లో నేను గుంటూరులో డిగ్రీ చదువుతూ పాత గిటారు కొన్నాను, తొమ్మిది వందలకు. మా గుళ్ళో హార్మోనియం, తబలా, కంజీర తప్ప ఇంకేదీ మోగింది లేదు. క్రైస్తవ కీర్తనలు కాక వేరే పాట ఎత్తుకుంటే ముందు వరసలో దగ్గులు మొదలయ్యేవి. (పురుషోత్తమ చౌధరి గారు ఆ కీర్తనలు కట్టిన పందొమ్మిదో శతాబ్దంలో అవీ కొత్త పాటలే కదా అని అడిగితే జవాబు ఉండదు.) కొత్త సంవత్సరం ఆరాధనకు నేనూ ఇంకో ముగ్గురమూ మూడు వారాలు ప్రాక్టీసు చేశాం. కాలేజీలో ఇంగ్లీషు ఆరాధనకు వెళ్ళి నేర్చుకున్న సీక్ యే ఫస్ట్ అనే పాట, మత్తయి 6:33 మీద. నాలుగు కార్డ్స్ వస్తే వాయించేయొచ్చు. నాకు మూడున్నర వచ్చు. అయ్యగారు సరేనన్నారు. గిటారు మెళ్ళో వేసుకుని గుమ్మంలో అడుగు పెట్టబోతే, నాకు పెదనాన్న వరసయ్యే సంఘ పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏరా, ఇది గుడనుకున్నావా, రికార్డింగ్ డాన్స్ అనుకున్నావా?" ఆ గిటారు మడతపెట్టిన పట్టాల మధ్య పడుకుని ఆరాధనంతా విన్నది. ఎవరో పట్టా లాగినప్పుడు తీగ కూడా తెగింది.

ఇప్పుడు అదే గుళ్ళో కీబోర్డు, రిథమ్ ప్యాడు, మూడు వీధులకు వినిపించే సౌండ్ బాక్సులు. ఆదివారం పూట అమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ మాట నాకు వినపడదు, నా మాట ఆవిడకు వినపడదు. నన్నాపిన పెద్దాయన మనవడే డ్రమ్స్ వాయిస్తున్నాడు. నాకేం కోపం లేదు. తీగ డబ్బులిస్తే చాలు.

ఇక్కడికొచ్చిన చాలా ఏళ్ళకు తెలిసింది, ఆ సీక్ యే ఫస్ట్ పాట రాసిన క్యారెన్ లాఫర్టీ ఆ కోస్టా మేసా గుంపులోని మనిషే అని. అంటే నన్ను గుమ్మంలో ఆపించింది ఆ చెప్పుల్లేని జనం పాటే! లారీ నార్మన్ 1969లోనే రాక్ సంగీతంలో యేసు పాటల రికార్డు తెచ్చాడు. 1971లో కాల్వరీ చాపెల్ వాళ్ళు మారనాతా మ్యూజిక్ అని సొంతంగా మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల గుడిలో గిటారు పట్టుకుని కళ్ళు మూసుకుని పాడుతున్నా దాని మూలం ఆ గుడారంలో ఉందనేది నా నమ్మకం. కాదనేవాళ్ళు కామెంట్లలో కాదనుకోండి.

అంతా బంగారమని నేననను. గోధుమలతోపాటు గురుగులూ మొలిచాయి. ఇదే తీరంలో హంటింగ్టన్ బీచిలో డేవిడ్ బెర్గ్ 1968లో మొదలెట్టిన గుంపు చిల్డ్రన్ ఆఫ్ గాడ్ అయింది. అందులో పసిపిల్లల మీద జరిగిన దారుణాలు చదివితే అన్నం సహించదు. ఇక రాకడ పిచ్చి. 1981 దాటకుండా ప్రభువు వస్తాడని స్మిత్ లాంటి మనిషే నమ్మి, పుస్తకంలో రాశాడు. మన వాట్సాప్‌లో తిరిగే రాకడ తేదీల సంగతి ఇక చెప్పేదేముంది, మా బాబాయి ఒక్కడే నాకు ఇప్పటికి ఐదు పంపాడు. ఐదోది వచ్చిన రోజే కొత్త స్కూటర్ కొన్నాడు, ఇన్‌స్టాల్‌మెంట్లలో.

లానీకి జరిగింది కూడా నాకు మింగుడు పడదు. అతను మాట్లాడితే వందలమంది లేచి వచ్చేవారు. అతనికి మగవాళ్ళతో సంబంధాలున్నాయని బయటపడ్డాక పరిచర్య నుంచి తప్పించారు, ఉద్యమం కథ రాసుకున్నవాళ్ళు చాలాకాలం అతని పేరే సరిగ్గా ఎత్తలేదు. 1993లో ఎయిడ్స్‌తో పోయాడు. సమాధి ఆరాధనలో చక్ స్మిత్ అతన్ని సమ్సోనుతో, అంటే దేవుడిచ్చిన బలాన్ని చేజేతులా పోగొట్టుకున్న బైబిలు వీరుడితో పోల్చాడు. అప్పుడు కూడా పొగడ్తలో ఒక సూది. 2023లో ఈ కథ మీద హాలీవుడ్ సినిమా వచ్చాక కుర్రాళ్ళు మళ్ళీ అతని గురించి వెతుకుతున్నారు. బోర్డు పీకిన చేతులే తర్వాత ఇంకో బోర్డు పెట్టాయని నేనంటాను. మా వీధి పెద్దాయన ఒప్పుకోడు.

ఆ పెద్దాయన సంగతి చెప్పాలి. డెబ్బై దాటాయి. 1971లో పంతొమ్మిదేళ్ళప్పుడు కొరోనా డెల్ మార్‌లోని పైరేట్స్ కోవ్‌లో బాప్తిస్మం పొందాడు. పోయిన మే నెలలో ఒక శనివారం సాయంత్రం, చూపిస్తాను పదమని తీసుకెళ్ళాడు. న్యూపోర్ట్ హార్బర్ ముఖద్వారం పక్కన రాతి గుట్టల మధ్య చిన్న ఇసుక మడుగు అది. చుట్టూ గుట్టలు గ్యాలరీలా లేచి ఉంటాయి. అలలు పెద్దగా ఉండవు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. కింద చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, నీళ్ళలోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మే నెల అన్నమాటే గానీ ఎముకలు కొరికే చలి ఆ నీళ్ళకు. మన సూర్యలంక బీచి అనుకుని దిగితే అంతే.

ఒక్కో సాయంత్రం వందలమందికి బాప్తిస్మం ఇచ్చేవారట. జనం ఆ రాళ్ళ మీద నిలబడి పాడేవారట. "ప్రసంగం ఏం చెప్పారు?" అని అడిగాను. ఒక్క మాట కూడా గుర్తులేదన్నాడు. నీళ్ళలోంచి లేచి వణుకుతూ ఒడ్డుకు వస్తే, వాళ్ళమ్మ కంటే పెద్దావిడ ఒకావిడ, ఆదివారం గౌనులో, మెళ్ళో ముత్యాలు, జుట్టు స్ప్రే కొట్టి గట్టిగా నిలబెట్టి ఉందట, ఎదురొచ్చి తన ఊలు కోటు తీసి ఇతనికి చుట్టి గట్టిగా పట్టుకుందట. ఇతని తడికి ఆవిడ గౌను ముందు భాగమంతా తడిసిపోయిందట. ఆ స్ప్రే వాసన ఇప్పటికీ గుర్తుందన్నాడు. పేరు అడగలేదు, మళ్ళీ కనపడలేదు. "ఆ పొద్దున వరకూ అలాంటి ఆవిడ నన్ను చూస్తే రోడ్డు అవతలికి దాటేది" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఇద్దరిలో మారింది ఎవరు? నా వరకు మీ ప్రశ్నకు జవాబు ఆవిడే.

చీకటి పడుతుంటే పైకి వచ్చాం. నా కాళ్ళకు ఇసుక అంటుకుని ఉంది. కారు తలుపు తీసి కాలు లోపల పెట్టబోతే పెద్దాయన "ఆగు, ఆగు" అన్నాడు. డిక్కీలోంచి తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చి, "శుభ్రంగా తుడుచుకో, కొత్త కారు" అన్నాడు.