ఆ మెథడ్ జోలికి పోయే ముందు

చిన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మీ ఆఫీసులో ఎవరూ ముట్టుకోని తొమ్మిది వందల లైన్ల మెథడ్‌ని, అంటే ప్రోగ్రాంలో ఒక పనికి పేరు పెట్టి రాసిన కోడ్‌ని, చిన్న ముక్కలుగా విడగొట్టి శుభ్రం చేస్తానని ఒప్పుకున్నావంట. మెథడ్ అంటే ఏంటో తెలియకపోయినా, నీకు ప్రమోషన్ వచ్చినంత సంబరంగా చెప్పింది. నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. చేరి ఏడాది కాలేదు, అప్పుడే బిల్లింగ్ కోడ్ మీద చేయి వేస్తావా! పైగా రెండు రోజుల్లో అయిపోతుందని మేనేజర్‌తో అన్నావంట. ఎవరు అనమన్నారు?

సులువైనవి నీకు తెలిసే ఉంటాయి. పేర్లు అర్థమయ్యేలా పెట్టు. ముక్క విడదీసేటప్పుడు చేత్తో కట్ పేస్ట్ చేయకుండా ఎంచుకున్న లైన్లను వేరే మెథడ్‌గా తీసిపెట్టే, ఎడిటర్‌లోని ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్ వాడు. ఒక్కో మార్పుని విడిగా భద్రపరుచు, ఒక్కోదానికి ఒక్కో కమిట్.

నేను నెల్లూరులో పనిచేసిన చోట రొయ్యలు కొనేవాళ్లకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసేవాళ్లం. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాష రోజులు. వనామి రకం రొయ్య ఇంకా రాలేదు, అంతా టైగర్ రకమే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. కౌంట్ పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. బిల్లు కట్టే ప్రొసీజర్ పేజీలకు పేజీలు ఉండేది. అందులో కౌంట్ లెక్క రెండుచోట్ల ఉండేది, రేటు కట్టడానికి ఒకటి, బిల్లు మీద అచ్చు వేయడానికి ఒకటి. నా పక్క సీటు కుర్రాడు, నీలాగే చురుకైనవాడు, ఒకే పని రెండుసార్లు ఎందుకని రెంటినీ కలిపి చిన్న ఫంక్షన్ చేశాడు. అందరం మెచ్చుకున్నాం.

కానీ ఆ రెండూ ఒకటి కావు. రేటు కట్టే చోట పాయింట్ తర్వాతి అంకె వదిలేస్తారు, 40.6 వస్తే 40 కౌంట్ రేటే. అచ్చు వేసే చోట దగ్గరి అంకెకు సరిచేస్తారు. 41 అని పడుతుంది. కుర్రాడు ఉంచింది రెండోది. రైతుకు కిలోకి రెండు మూడు రూపాయలు తగ్గింది. పట్టుబడి టన్నుల్లో ఉంటుంది, నువ్వే లెక్కేసుకో.

బిల్లు మాత్రం మునుపటికంటే సరిగ్గా కనిపించింది! 41 కౌంట్, 41 కౌంట్ రేటు. ఎర్రర్ రాలేదు. కొనేవాళ్లకు నష్టం లేదు కాబట్టి వాళ్లూ అడగలేదు. చివరికి విడవలూరు వైపు రైతు ఒకాయన, ముందు పంట వైట్ స్పాట్ తెగులుతో పోగొట్టుకున్నవాడు, సిగరెట్ పెట్టె వెనక లెక్క వేసుకొచ్చి “పాయింట్లు వదిలేస్తామంటిరి కదమ్మా, ఇదేంది” అన్నాడు.

అప్పుడు మొదలైంది వెతుకులాట. కుర్రాడు ఆ రెండు లెక్కలూ కలిపిన రాత్రే పేర్లు కూడా మార్చాడు, లూపులు తిరగరాశాడు, పనికిరావనుకున్న ఇఫ్ షరతులు తీసేశాడు. ఏది కొంప ముంచిందో ఎట్టా తెలుస్తుంది? డాట్ మ్యాట్రిక్స్ ప్రింటౌట్లు నేలంతా పరిచి పాతదీ కొత్తదీ లైను లైనుగా చూశాం. అడిగినవాళ్లకు తేడా డబ్బులు ఇచ్చారు. అడగనివాళ్లకు పోయిన సంగతే తెలియదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

కాబట్టి ముందు ఒక్క లైను కూడా మార్చకు. పాత ఇన్‌పుట్లు తీసుకుని, ఇప్పుడున్న కోడ్ ఏమిస్తోందో అది దాచుకో. తప్పుగా ఇస్తుంటే ఆ తప్పుతో సహా. ప్రతి ముక్క విడదీశాక దాంతో పైసాతో సహా పోల్చు. మధ్యలో బగ్ కనిపిస్తే చేతులు దురద పెడతాయి, తెలుసు. రాసిపెట్టుకో, అడుగు, వేరే కమిట్‌లో సరిచెయ్యి. ఒకేలా కనిపించే రెండు ముక్కల్ని కలిపే పని ఆఖర్న పెట్టుకో.

ఎక్కడ కోయాలో వేరియబుల్సే, అంటే విలువలు దాచుకునే పేర్లే, చెప్తాయి. ఒక ముక్క బయటి వేరియబుల్స్ ఆరు వాడుకుని మూడింటిని మారుస్తోందంటే అది ఇంకా విడదీయడానికి సిద్ధంగా లేదు. ఒకే తాత్కాలిక వేరియబుల్‌ని, అదే టెంప్‌ని, రెండు పనులకు వాడి ఉంటే ముందు రెండు పేర్లు పెట్టు, దాన్ని ప్రకటించే డిక్లరేషన్ లైన్‌ని వాడే చోటికి దగ్గరగా తెచ్చుకో. ఇఫ్‌లో ఇఫ్ లోతుగా పోతే, కుదరని కేసుల్ని మొదట్లోనే రిటర్న్ చేసి మెథడ్ బయటికి పంపెయ్. ప్రాసెస్‌డేటా లాంటి ఏమీ చెప్పని పేరు తప్ప ఇంకేదీ తోచకపోతే ఆ ముక్క తప్పుగా కోశావన్నమాట.

ఇరవై లైన్లు దాటకూడదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. మెకేబ్ అనే ఆయన 1976లోనే లైన్ల సంఖ్య కాకుండా కోడ్‌లో ఎన్ని దారులు చీలుతున్నాయో లెక్కపెట్టాడు. తిన్నగా పోయే అరవై లైన్లు చదవొచ్చు. రెండేసి లైన్ల మెథడ్‌లు ముప్పై చేసి, చదివేవాణ్ని ఫైలంతా తిప్పితే అది శుభ్రం కాదు నాన్నా.

శుక్రవారం సాయంత్రం మాత్రం రిలీజ్ చేయకు. రాత్రిళ్లు అన్నం మానేస్తున్నావని కూడా చెప్పింది మీ అమ్మ. దానికి వేరేగా తిడతాను. మేనేజర్‌కి రేపే చెప్పు, రెండు రోజులు చాలవని. కోడ్ నాకు పంపొద్దు, అది కంపెనీది. ఆ మెథడ్‌లో రిటర్న్‌లు ఎన్ని ఉన్నాయో, డబ్బుల లెక్క ఎన్ని చోట్ల రౌండ్ అవుతోందో చూసి ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ