కళ్లు మూసుకుని ఊహించుకుంటే వాలీబాల్ సర్వీసు బాగుపడుతుందా?

అమలాపురంలో ప్రాక్టీసప్పుడు చక్కగా సర్వీసు వేసే మీ తమ్ముడు, సంక్రాంతి టోర్నమెంటులో మాత్రం నెట్‌కి కొడుతున్నాడన్నారు. ఊహ పనిచేస్తుందండి, కాకపోతే ప్రాక్టీసుకు తోడుగానే, బదులుగా కాదు. ఒక కదలికను మనసులో చేసుకుంటున్నప్పుడు, నిజంగా చేసేటప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో చాలావరకు పనిచేస్తాయి.

ఎలా ఊహించాలన్నదే అసలు సంగతి. కప్పు అందుకున్నట్టు కలలు కంటే ఒరిగేదేం లేదు. గీత వెనక నిలబడి తన కళ్లతోనే చూడాలి: ఎడమచేతిలో బంతి బరువు, కాళ్లకింద ఇసుక, చెమట పట్టిన అరచెయ్యి, చెవులు హోరెత్తించే మైకు కామెంటరీ. బంతి ఎగరేసిన దగ్గర్నుంచి చెయ్యి తగిలేదాకా, నిజంగా ఎంతసేపు పడుతుందో ఊహలోనూ అంతే పట్టాలి. నిలబడి, బంతి పట్టుకుని చేస్తే మరీ మంచిది. పడుకుని చేస్తే నిద్రొస్తుంది, అంతే.

ఆట చెడినప్పటి సంగతి కూడా ఊహించుకోమనండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈత పోటీలో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్ నిండా నీళ్లు. చూపు ఆనకపోయినా స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం కొట్టాడు. అలాంటి ఇబ్బందుల్ని ముందే ఊహించుకోవడం ఆయనకు అలవాటు. మీవాడికైతే, ఒక సర్వీసు పోయాక మళ్లీ తన వంతు వచ్చినప్పుడు వేసే సర్వీసును ఊహించుకోమనండి. గ్రౌండ్‌కి వెళ్లేముందు రోజూ ఐదు నిమిషాలు చాలు.