విమానంలో వెళ్లిన చాకు ఓడలోకి వెళ్తుందా?

అన్నా, మీరు అడిగింది ఇదీ: అనంతపురం నుంచి కుటుంబంతో బెంగళూరు వెళ్లి, అక్కణ్నుంచి విమానంలో సింగపూర్, అక్కడ ఓడ ఎక్కి క్రూయిజ్. మీ తాళాల గుత్తికి ఒక స్విస్ చాకు, బ్యాగులో ఒక మల్టీటూల్ (చాకు, పట్టకారు, స్క్రూడ్రైవర్ అన్నీ ఒకదాంట్లోకే మడిచే పనిముట్టు) ఎప్పుడూ ఉంటాయి. విమానానికి చెక్-ఇన్ బ్యాగులో వేస్తే ఎవరూ ఏమీ అనరు కదా, ఓడకూ అలాగే పెద్ద బ్యాగులో వేసి పంపితే సరిపోతుందా అని.

సరిపోదన్నా. రెండూ ఇంట్లోనే పెట్టి వెళ్లండి. నేనూ అచ్చం మీలాగే అనుకుని ఒక మంచి వస్తువు పోగొట్టుకున్నాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

మాది కడప. డ్రిప్పు, మోటార్ల సర్వీసింగ్ నా పని. పులివెందుల, వేంపల్లె వైపు చీనీ తోటల్లో తిరుగుతుంటాను. మా అన్న కువైట్ నుంచి వచ్చినప్పుడు లెదర్‌మన్ కంపెనీ మల్టీటూల్ ఒకటి తెచ్చిచ్చాడు. ఏడేళ్లు నా జేబులోనే ఉంది. లాటరల్ పైపు కోయాలన్నా, స్టార్టర్ డబ్బా స్క్రూలు తీయాలన్నా, పైపులో ఇరుక్కుపోయిన డ్రిప్పర్ లాగాలన్నా అదే. ఎంత కడిగినా పట్టకారు కీలు దగ్గర ఎర్రమట్టి సన్నటి గీతలా ఉండిపోయేది. బోరు గట్టు మీద రాయికి తగిలి పిడికి ఒక పక్క చిన్న సొట్ట పడింది. చీకట్లో మోటారు షెడ్డులో నిలబడి కూడా బ్లేడు ఎటుందో, స్క్రూడ్రైవర్ ఎటుందో ఆ సొట్టను తడిమి చెప్పేవాణ్ని.

రెండేళ్ల కింద, సింగపూర్‌లో ఉద్యోగం చేసే మా బామ్మర్ది మమ్మల్నందర్నీ రమ్మని మూడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాడు. మా అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. కడపలో రైలెక్కి చెన్నై, అక్కణ్నుంచి విమానం. మన విమానాల్లో చాకులు, కత్తెరలు, మల్టీటూళ్లు చేతి బ్యాగులో ఒప్పుకోరు, చెక్-ఇన్ బ్యాగులో ఒప్పుకుంటారు. ఆ సంగతి తెలుసు కాబట్టి మల్టీటూల్‌ను సాక్సులో చుట్టి పెద్ద సూట్‌కేసులో అడుగున పెట్టాను. సింగపూర్‌లో దిగి బామ్మర్ది ఇంట్లో రెండు రోజులున్నాం. మూడో రోజు పొద్దున అదే సూట్‌కేసు అలాగే తీసుకుని ఓడ దగ్గరకు పోయాం.

టెర్మినల్‌లో పెద్ద బ్యాగులకు గది నంబరున్న ట్యాగులు కట్టి తీసుకున్నారు, చిన్న సంచులతో మేము లోపలికి వెళ్లాం. విమానాశ్రయంలో చెక్-ఇన్ చేసినట్టే ఉంటుంది ఆ వరస. నేను పొరపాటు పడింది అక్కడే. విమానంలో మీరు ఇచ్చిన బ్యాగు కింద సామాన్ల అరలోకి వెళ్తుంది. దిగేదాకా మీ చేతికి రాదు, కాబట్టి అందులో చాకు ఉన్నా వాళ్లకు భయం లేదు. ఓడలో అదే బ్యాగు సాయంత్రానికల్లా మీ గది తలుపు దగ్గరికి వచ్చేస్తుంది. అంటే ఓడలో మీ సామానంతా చేతి సామానే. అందుకే పెద్ద బ్యాగుల్ని కూడా ఒక్కోదాన్నీ ఎక్స్‌రేలో చూస్తారు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా వస్తువు నాకు ఉండేది.

ఆ సాయంత్రం చుట్టుపక్కల గదుల ముందు బ్యాగులు వచ్చి నిలబడ్డాయి, మావి మూడింట్లో రెండే వచ్చాయి. పిల్లల బట్టలన్నీ రాని దాంట్లోనే. ఏడు దాటాక గదిలో ఫోను మోగింది, కింది అంతస్తులో సెక్యూరిటీ దగ్గరికి రమ్మని. నా భార్య టెన్షన్ పడుతుంటే, ఏం కాదులే అని చెప్పి నేను, బామ్మర్ది దిగాం. అక్కడ ఒక పొడుగాటి బల్ల మీద ఇస్త్రీ పెట్టెలు, నీళ్లు కాచే రాడ్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, చాకులు వరసగా పెట్టి ఉన్నాయి. బల్ల అవతల చేతికి గ్లవ్స్ వేసుకున్న ఒకామె నన్నే సూట్‌కేసు తెరవమంది. సాక్సు విప్పి మల్టీటూల్ బయటికి తీసి, ఒక్కో ఆకునూ వేలితో తెరిచి చూసింది. తన పని తాను మర్యాదగానే చేసింది. బ్లేడు ఉంది కాబట్టి మా దగ్గర పెడతాం, దిగే రోజు ఇస్తాం అని చెప్పి రసీదు రాసిచ్చింది.

మా అమ్మ సంచి కూడా ఆ సూట్‌కేసులోనే ఉంది. ఆకూ వక్కా ఇంట్లోనే వదిలేసి వచ్చింది గానీ, అడకత్తెర సంచి అరలో ఉన్న సంగతి ఆమెకే గుర్తు లేదు. మా అవ్వ నుంచి అమ్మకు వచ్చిన ఇత్తడి పిడుల అడకత్తెర అది. సెక్యూరిటీ ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి ఇదేమిటని అడిగింది. బామ్మర్ది వక్కలు కత్తిరించేదని ఇంగ్లీషులో చెప్పి, రెండు వేళ్లతో చూపించాడు. అదీ రసీదులోకి ఎక్కింది. పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్ల సంచులు ఒకసారి మీరే చూడండన్నా. పీటకత్తి ఎవరూ తీసుకుపోరు గానీ అడకత్తెర, చిన్న కూరల కత్తి లాంటివి ఎక్కడో మూల ఉండిపోతాయి.

ఇంత గట్టిగా ఎందుకు చూస్తారని నాకప్పుడు కోపం వచ్చింది. తర్వాత చదివి తెలుసుకున్నాక న్యాయమే అనిపించింది. 1985 అక్టోబరులో అకిల్లే లౌరో అనే ఇటలీ ప్రయాణికుల ఓడను మధ్యధరా సముద్రంలో ఆయుధాలతో ఎక్కినవాళ్లు హైజాక్ చేసి, చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దాయనను చంపేశారు. ప్రయాణికుల ఓడల భద్రత గురించి ప్రపంచం గట్టిగా ఆలోచించడం మొదలైంది అక్కణ్నుంచే. ఆ తర్వాత 2001 సెప్టెంబరు దాడులతో ఓడలకూ రేవులకూ కలిపి ఐఎస్‌పీఎస్ కోడ్ అని అంతర్జాతీయ నియమావళి తెచ్చారు, 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది. అదీ కాక, నడి సముద్రంలో వేలమంది ఒకేచోట, అందులో తాగేవాళ్లూ ఉంటారు. గొడవ జరిగితే పిలవగానే వచ్చే పోలీసు స్టేషను ఉండదు. నా పిల్లలు పడుకున్న గది పక్క గదిలో ఎవరి దగ్గరా కత్తి లేదంటే నాకూ మంచిదే కదా.

భోజనాల దగ్గర కత్తులు ఇస్తారు కదా అని కొందరు వాదిస్తారు. అవి ఓడవి, తిని లేచేటప్పుడు బల్ల మీదే వదిలేసి వస్తాం. ఆ వాదన సెక్యూరిటీ దగ్గర చేయకండి.

ఇక సైజు సంగతి. అన్ని కంపెనీలకూ ఒకే లెక్క లేదు. కొన్ని ఏ సైజు చాకైనా వద్దంటాయి, కొన్ని బ్లేడు 4 అంగుళాల లోపు ఉంటే ఊరుకుంటాయి. 4 అంగుళాలంటే దాదాపు 10 సెంటీమీటర్లు, పిడి అంచు నుంచి మొన దాకా. నా దాని బ్లేడు 3 అంగుళాలకు మించదు, అయినా ఆగిపోయింది. నేనెక్కిన ఓడకు సైజుతో పని లేదు మరి. మన దగ్గర ఆయుధాల నిబంధనల్లో, అంతకు మించితేనే కత్తిని ఆయుధంగా చూసే 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు లెక్క మనసులో పెట్టుకుని, నాది చిన్నదే కదా అనుకుంటే ఓడ దగ్గర పనికిరాదు. ఇంకో మాట, బటన్ నొక్కితే విచ్చుకునే చాకు గనక ఉంటే అసలు సింగపూర్ దాకానే తీసుకుపోవద్దు. అక్కడ అది చట్టరీత్యా నిషేధం, ఓడ దాకా పోకముందే కేసవుతుంది.

ఇప్పుడు అసలు బాధ. దిగే రోజు పొద్దున రసీదు పట్టుకుని ఆ బల్ల దగ్గరికే పోయాను. ముందే పెద్ద లైను ఉంది. నా వంతు వచ్చాక అడకత్తెర వెంటనే ఇచ్చేశారు, అలాంటిది ఇంకొకటి లేదు కదా. మల్టీటూల్ కోసం ఒక ప్లాస్టిక్ ట్రే ముందుకు జరిపి, మీది ఏదో తీసుకోండి అన్నారు. అందులో ఒకేలాంటివి రెండున్నాయి, రెండూ కొత్తవి. ఒక్కదానికీ సొట్ట లేదు, కీలులో మట్టి లేదు. నాకంటే ముందొచ్చిన ఎవరో నాది తనదనుకుని తీసుకుపోయారు. రసీదు చూస్తే గది నంబరు, పక్కన ‘టూల్ – 1’, అంతే. రంగు లేదు, కంపెనీ పేరు లేదు, గుర్తు లేదు. కొత్తది ఒకటి తీసుకోండి సార్ అన్నారు. వేరేవాళ్ల వస్తువు నేనెట్లా తీసుకుంటాను? ఫిర్యాదు రాసిచ్చి దిగాను. మూడు వారాల తర్వాత మెయిల్ వచ్చింది, నిషేధించిన వస్తువులకు మా బాధ్యత ఉండదని టికెట్టు షరతుల్లోనే ఉందని. చూస్తే నిజంగానే ఉంది. తీసుకున్నవి తిరిగి ఇవ్వబోమనే రాసుకున్న కంపెనీలు కూడా ఉన్నాయి.

రెండు రాత్రులు బామ్మర్ది ఇంట్లో పడుకున్నాం. వాళ్ల అలమారాలో పెట్టి పోయి ఉంటే తిరిగొచ్చి తీసుకునేవాణ్ని. ఇప్పటికీ అదే మనసులో మెదులుతుంది.

మీకు అక్కడ చుట్టాలు లేకపోతే చాకును అనంతపురంలోనే మేకుకు తగిలించి రండి. తాళాల గుత్తితో సహా అన్నమాట, ఓడలో మీ ఇంటి తాళాలతో పనేముంది. ఒకవేళ మర్చిపోయి వెళ్లి, వాళ్లు ఆపారనుకోండి, ఇచ్చే ముందు ఫోనుతో రెండు వైపులా ఫొటో తీసుకోండి. రసీదులో కంపెనీ పేరు, రంగు, గుర్తులు రాయించండి. దిగే రోజు లైనులో ముందు నిలబడండి. మలేసియాలోని పెనాంగ్ లాంటి చోట మధ్యలో దిగి తిరిగొచ్చేటప్పుడు కూడా సంచులు ఎక్స్‌రేలో పెడతారు, అక్కడ ముచ్చటపడి చాకు కొన్నా ఇదే కథ.

చాకు లేకపోతే ఇబ్బందేమో అనుకుంటారు గానీ, మూడు రోజుల్లో నాకు ఒక్కసారీ అవసరం రాలేదు. పండ్లు కోసినవే పెడతారు. మంచం పక్క లైటు వదులైతే ఫోను చేశాను, మనిషి వచ్చి బిగించి పోయాడు. ప్యాకెట్లు చించడానికి మొన లేని చిన్న కత్తెర చాలు, అది చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. జేబులో ఏదో ఒకటి లేకపోతే చేతులాడవు అనేవాళ్లకు బ్లేడు లేని మల్టీటూళ్లు కూడా దొరుకుతాయి, అయినా అదీ అడిగే తీసుకుపోండి. మీ ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ సూదులుంటే వాటి గురించి భయపడకండి, డాక్టరు చీటీ వెంట ఉంచుకుంటే చాలు. నీళ్లు కాచే రాడ్డు, ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దు. ఓడలో నిప్పంటే కత్తి కంటే ఎక్కువ భయం వాళ్లకు.

ఈ రోజే మీ క్రూయిజ్ కంపెనీ వెబ్‌సైటులో నిషేధించిన వస్తువుల జాబితా చూడండి. అనుమానం ఉంటే బ్లేడు కొలిచి, ఫొటో పెట్టి మెయిల్ చేయండి, జవాబు ప్రింటు తీసి వెంట ఉంచుకోండి. వాళ్లేం చెప్పారో నాకూ చెప్పండన్నా. ఈ చలికాలం మా చిన్నాన్న వాళ్లు వెళ్తున్నారు, ఆయన నడుముకు చాకు లేకుండా తోటలోకే పోడు.