గేమ్ జామ్‌లో ఇతరుల ఆట ఆడాక ఏం రాయాలి, మన ఆట మీద రాసినవాటిని ఎలా చదవాలి?

ఒడిశాలోని రాయగడ నుంచి మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఇద్దరు మిత్రులతో కలిసి తొలిసారి ఒక గేమ్ జామ్‌కు, అంటే కొద్ది గడువులో కంప్యూటరు ఆట తయారుచేసి పంపే పోటీకి, ఆట పంపించారు. వచ్చిన వ్యాఖ్యల్లో సగం "నైస్ గేమ్" దగ్గరే ఆగిపోయాయి, ఒకటి మాత్రం "కంట్రోల్స్ దరిద్రం" అని మనసు కష్టపెట్టింది. ఇప్పుడు ఇతరుల ఆటలు ఆడి మీరేం రాయాలో, మీకు వచ్చినవాటిని ఎంతవరకు పట్టించుకోవాలో తెలియడం లేదన్నారు. నేను బరంపురంలో ఉంటాను. పగలు ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తాను, కొన్నేళ్లుగా పర్లాకిమిడి, గుణుపురం మిత్రులతో కలిసి లూడమ్ డేర్ అనే జామ్‌లోనూ, ఆటలు పెట్టుకునే వెబ్‌సైటు ఇచ్ డాట్ ఐఓలో జరిగే జామ్‌లలోనూ పాల్గొంటున్నాను. నా అనుభవంలో పనికొచ్చిన వ్యాఖ్యలన్నీ ఒకే తీరులో ఉన్నాయి: రాసినవారు ఆట మంచిచెడ్డల జోలికి పోకుండా, ఆడుతున్నప్పుడు తమకు ఎక్కడ ఏం జరిగిందో చెప్పారు.

ముందు మార్కుల సంగతి చెప్పాలి, ఎందుకంటే వ్యాఖ్యల తీరును చాలావరకు అదే నిర్ణయిస్తుంది. 2002లో మొదలైన లూడమ్ డేర్‌లో ఒంటరిగా చేసేవారికి 48 గంటల కాంపో, జట్టుగా చేసేవారికి 72 గంటల జామ్ ఉంటాయి. గడువు ముగిశాక పాల్గొన్నవాళ్లే ఒకరి ఆటలు ఒకరు ఆడి, సరదా, కొత్తదనం, ఇచ్చిన అంశం, బొమ్మలు, ధ్వని వంటి పద్దుల కింద మార్కులు వేస్తారు. కనీసం 20 మంది మార్కులు వేయకపోతే ఆటకు ర్యాంకే రాదు. ఇచ్ డాట్ ఐఓ పద్ధతి వేరు. జామ్‌లోని ఆటలకు వచ్చిన ఓట్ల సంఖ్యలను వరుసగా పేర్చితే నడుమ నిలిచే సంఖ్యను ప్రమాణంగా తీసుకుంటారు. మీ ఓట్లు దానికన్నా తక్కువైతే, వాటిని ఆ నడిమి సంఖ్యతో భాగించి, వచ్చినదాని వర్గమూలంతో మీ సగటును గుణిస్తారు. అంటే నడిమి సంఖ్య 16 అయి, మీకు నలుగురే ఓటు వేసి ఉంటే, మీ సగటు 4.2 అయినా లెక్కలోకి వచ్చేది 2.1 మాత్రమే. కనుక ఎవరైనా తమ ఆట దగ్గరికి నలుగురినీ రప్పించుకోవాలి, దానికి ఉన్న మర్యాదైన మార్గం ముందుగా తాము వెళ్లి ఇతరుల ఆటలు ఆడటం. "బాగుంది, నాదీ ఆడండి" అనే వ్యాఖ్యలు ఇక్కడి నుంచే పుడతాయి. వాటిని నేను తప్పు పట్టను, పెళ్లిలో చదివింపుల లాంటివి అవి. అయితే ఆట చేసినవారికి వాటి నుంచి తెలిసేది ఏమీ ఉండదు.

తెలియజెప్పే వ్యాఖ్య ఎలా ఉంటుందో ఒక ఆట మీదే చూపిస్తాను. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో పులి వేషాలు వేసుకుని డప్పుకు అనుగుణంగా ఆడేవారిని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగిన మా మిత్రుడు ఒకరు ఆ వేషం మీదే ఒక జామ్ ఆట చేశారు. పులి వేషగాడు డప్పు దెబ్బకు సరిగ్గా అడుగు వేస్తూ, ఒక ఇంటి అరుగు మీది నుంచి మరో ఇంటి అరుగు మీదికి దూకుతూ వీధి చివరిదాకా పోవాలి. ఒకరు "జంప్ బాగోలేదు" అని రాసి వెళ్లిపోయారు. మరొకరు ఇలా రాశారు: "మూడో అరుగు దగ్గర వరుసగా నాలుగుసార్లు పడ్డాను. అంచు మీద ఉండగానే నొక్కాననుకున్నాను గాని దూకలేదు. రెండో అరుగు దగ్గర ఈ ఇబ్బంది రాలేదు. లాప్‌టాప్ కీబోర్డు, క్రోమ్." ఇద్దరూ చెప్పింది ఒకే లోపం. మొదటి మాట చదివితే దూకే ఎత్తు మార్చాలా, గురుత్వాకర్షణ తగ్గించాలా, మీటలు మార్చాలా అన్నది తేలదు. రెండోది చదివిన వెంటనే మా మిత్రునికి సంగతి అర్థమైంది. మూడో అరుగు దగ్గర వేషగాడి వేగం ఎక్కువ, అందువల్ల ఆడేవారి వేలు కదిలేలోపే కాలు అంచు దాటిపోతోంది. ఆటలు చేసేవారు కాయోటీ టైమ్ అనే ఏర్పాటుతో దీన్ని సరిచేస్తారు. అంచు వదిలాక కూడా సుమారు పదో వంతు సెకను, అంటే తెర మీద సెకనుకు 60 బొమ్మలు (ఫ్రేములు) మారే ఆటలో ఆరు ఫ్రేముల పాటు, దూకే మీటను లెక్కలోకి తీసుకుంటారు. దీనికి ఒక టైమరు, నాలుగైదు పంక్తుల కోడు చాలు.

ఆ రెండో వ్యాఖ్య చివర ఉన్న "లాప్‌టాప్ కీబోర్డు, క్రోమ్" అన్న మాటలను కూడా మీరు వదిలిపెట్టకూడదు. చవక కీబోర్డుల్లో కొన్ని మూడు మీటల కలయికలు ఒకేసారి నొక్కితే మూడోది కంప్యూటరుకు చేరదు. రెండు బాణం మీటలతో పాటు స్పేస్ నొక్కమని అడిగే ఆటల్లో ఇది తరచూ ఎదురవుతుంది, ఆడేవారు దాన్ని ఆట తప్పనుకుంటారు. అలాగే కదలికను గడిచిన కాలంతో గుణించకుండా ఫ్రేముకు ఇంత అని రాసేస్తే, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు చూపే) తెర మీద సజావుగా నడిచిన ఆట 144 హెర్ట్జ్ తెర మీద రెట్టింపును మించిన వేగంతో పరిగెడుతుంది. "ఆట చాలా కష్టం" అన్న వ్యాఖ్యకు మూలం కొన్నిసార్లు తెరే. కాబట్టి బ్రౌజరు ఏదో, తెర ఎలాంటిదో, కీబోర్డా గేమ్‌ప్యాడా అన్నది ఒక్క ముక్కలో రాయండి, అంతకు మించి విడమరచి చెప్పనక్కరలేదు.

అదే పులి ఆటకు "డప్పుకీ అడుగుకీ పొంతన లేదు" అని కొందరు, "తాళం అద్భుతంగా కుదిరింది" అని మరికొందరు రాశారు. ఇలా వ్యాఖ్యలు ఒకదానికొకటి ఎదురు తిరిగినప్పుడు సగటు తీయడం వల్ల ప్రయోజనం లేదు, రెండు గుంపులకూ మధ్య తేడా ఏమిటో వెతకాలి. మా మిత్రుడు పొంతన లేదన్నవారికి జవాబు రాస్తూ, ఏ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడారని మాత్రమే అడిగారు. వాళ్లవి బ్లూటూత్‌వి. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి పదో వంతు సెకను నుంచి పావు సెకను దాకా ఆలస్యం కావచ్చు, తాళం మీద నడిచే ఆటను చెడగొట్టడానికి అది చాలు. మొదటి తెర మీద ఆలస్యాన్ని సవరించుకునే చిన్న జరుపుడు పట్టీ (స్లైడరు) ఒకటి చేర్చాక ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు. ఆ వ్యాఖ్యల్లో చాలామంది సూచించిన మందు వేరు: డప్పు వేగం తగ్గించమన్నారు. తగ్గించి ఉంటే ఆట నీరసపడేది, లోపం అలాగే ఉండేది. ఆడేవారు నొప్పి ఉన్న చోటు చూపించడంలో సాధారణంగా పొరబడరు, మందు చెప్పడంలో మాత్రం తరచూ పొరబడతారు. కాబట్టి మీరు ఇతరులకు రాసేటప్పుడు చోటును కచ్చితంగా చూపండి, మందు చెప్పి తీరాలనిపిస్తే చివర్లో ఒక వాక్యం చాలు. మీకు వచ్చిన వ్యాఖ్యలను కూడా ఇదే లెక్కన చదవండి. "దరిద్రం" అన్న ఆ మనిషిని ఏ చోట అలా అనిపించిందో మెత్తగా అడిగి చూడండి. పరుషంగా రాసినవారు కూడా అడిగితే వివరంగా చెప్పడం నేను చాలాసార్లు చూశాను.

ఇంట్లోవాళ్ల అభిప్రాయం గురించి మీరు అడగలేదు గాని, మన వైపు అదే పెద్ద చిక్కు కనుక చెబుతున్నాను. మన బంధువుల్లో ఎవరికి ఆట ఇచ్చినా "బాగుంది అన్నయ్యా" అనే అంటారు, ఒడియా మిత్రులైతే "బొఢియా" అంటారు. మొహం మీద బాగోలేదనడం మనలో లేదు, వాళ్లను అందుకు బలవంతపెట్టడం కూడా న్యాయం కాదు. వాళ్లను అడగకండి, చూడండి. ఆట తెరిచి ఇచ్చి, వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, నోరు తెరవకుండా చేతులనే గమనించండి. మా మేనకోడలు ఒక ఆటలో తలుపు దగ్గర ఆగి, మౌస్‌తో తలుపును నొక్కి, మళ్లీ నొక్కి, ఆ తర్వాత నా వైపు తిరిగి చూసింది. తలుపు తెరిచే మీట 'ఇ' అని పక్క గోడ మీద ఇంగ్లీషులో రాసి ఉంది, ఆమె ఆ గోడ వైపు చూడనేలేదు. "ఎలా ఉందమ్మా" అంటే "చాలా బాగుంది మామయ్యా" అంది. ఆ రెండు నొక్కుళ్లే నాకు కావలసిన సమాచారం.

అక్షరాల సంగతి మన సరిహద్దు జిల్లాల్లో మరింత తికమకగా ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మాధ్యమంలో చదువుకున్న పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు, ఒడియాలో రాస్తే శ్రీకాకుళం నుంచి ఆడేవారు చదవలేరు. అందుకే సూచనలను వీలైనంతవరకు మీట బొమ్మతోనే చూపడం మేలు. తెలుగు అక్షరాలు పెట్టి తీరాలంటే, ఆటలు చేసే సాఫ్ట్‌వేర్లలో గోడో 4 వత్తులను, గుణింతాలను సరిగ్గా కూర్చుతుంది, గోడో 3 కూర్చదు. అలాంటిదే అయిన యూనిటీలో అక్షరాలు చూపడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో కూడా కూర్చదు, "స్త్రీ" అని రాస్తే మూడు ముక్కలై విడిపోతుంది. వీటితో బ్రౌజరు కోసం తీసిన ఆట కంప్యూటరులోని ఫాంటును అరువు తెచ్చుకోలేదు కనుక నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ఆటలోనే కలపండి. ఇతరుల ఆటలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే, ఒక తెరచిత్రం తీసి వ్యాఖ్యకు జతచేయండి.

ఎంత నిక్కచ్చిగా రాయవచ్చన్న మీ సందేహానికి నా అభిప్రాయం ఇది. 48 గంటల్లో చేసిన ఆటను "స్థాయిలు తక్కువ", "కథ లేదు" అని నిందించడం అర్థం లేని పని, అవి తక్కువని చేసినవారికి అందరికన్నా ముందే తెలుసు. గడువు తర్వాత కొత్త హంగులు చేర్చే వీలు కూడా వాళ్లకు ఉండదు. లూడమ్ డేర్ నియమాలు దోషాలు దిద్దుకోనిస్తాయి గాని కొత్తవి చేర్చనివ్వవు, ఇచ్ డాట్ ఐఓ జామ్‌లలో చాలావాటిలో ఓటింగు పూర్తయ్యేదాకా ఫైళ్లకే తాళం పడుతుంది. కనుక విమర్శ చిన్న చోట్ల మీద ఉండాలి, ఊహ బాగుంటే ఆ మాట దాచకుండా చెప్పాలి. 'బాబా ఈజ్ యూ' అనే ఆట 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో చిన్న నమూనాగా మొదలై 2019లో పూర్తి ఆటగా విడుదలైంది. వాక్యాలను నెట్టి నియమాలు మార్చడమనే ఊహ ఆ నమూనాలోనే ఉంది. అన్ని ఆటలూ అంత దూరం పోవు, పోనక్కరలేదు కూడా, కానీ ఏ ఊహ దగ్గర మీకు కుతూహలం కలిగిందో చెప్పడం లోపం చెప్పడమంత పనికొస్తుంది.

ఇక మీ తర్వాతి ఆటకు వివరమైన వ్యాఖ్యలు రావాలంటే ముందు అది జనం దగ్గర తెరుచుకోవాలి. దించుకుని నడపాల్సిన ఆటను చాలామంది దాటేసి పోతారు, కాబట్టి బ్రౌజరు కూర్పు తప్పనిసరి. గోడో 4లో చేస్తే 4.3 గానీ ఆ తర్వాతిది గానీ వాడి, థ్రెడ్లు (ఒకేసారి సమాంతరంగా నడిచే పనులు) లేని వెబ్ కూర్పు తీయండి. థ్రెడ్లతో తీసినా, పాత 4 కూర్పులు వాడినా ఇచ్ డాట్ ఐఓ పేజీ అమరికల్లో షేర్డ్ అరే బఫర్ గడిలో టిక్కు పెట్టాలి, లేకపోతే ఆట తెరుచుకోదు. క్రోమ్ వంటి బ్రౌజర్లు ఆడేవారు ఒకసారి నొక్కేదాకా శబ్దాన్ని మొదలుపెట్టనివ్వవు, అందుకని "మొదలు" అనే బొత్తాం ఉన్న తెర ఒకటి ముందుంచండి. గడువుకు రెండు మూడు గంటల ముందే పేజీకి ఎక్కించి, మీ కంప్యూటరులో కాకుండా మిత్రుని కంప్యూటరులో, ఫోన్ హాట్‌స్పాట్ మీద, బ్రౌజరు ప్రైవేటు విండోలో తెరిచి చూడండి. ఆ రెండు గంటల్లో కొత్త స్థాయి చేర్చాలనే ఆశ పుడుతుంది, చేర్చకండి.